ఎక్కడ, ఎందుకక్కడ? – డాక్టర్ డెనిస్ బర్కిట్ జీవితం

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గంలోని మిత్రులు అడిగితే, నా వృత్తికి సంబంధించిన విషయమే రాస్తానన్నాను. వాళ్లు కాస్త కంగారుపడ్డారు. కంగారుపడటంలో తప్పు లేదు. ముప్పై ఏళ్లకు పైగా నేను వైద్యం చేస్తున్నది పెద్దపేగు, మలాశయం, మలద్వారం జబ్బులకు. మొలలు, ఫిషర్, భగందరం, పేగు క్యాన్సర్ – ఇదీ నా లోకం. మా బ్యాచ్ వాళ్లు నాకు పెట్టిన ముద్దుపేరు గురువులు చదివే సంచికలో రాయదగ్గది కాదు. అందుకని జబ్బుల జాబితా కాకుండా ఒక మనిషి కథ రాస్తానని ఒప్పందం కుదుర్చుకున్నాను. ఆ మనిషి పేరు డెనిస్ పార్సన్స్ బర్కిట్.

వైద్యవిద్యార్థులందరికీ ఈ పేరు తెలుసు. ఎంబీబీఎస్ పాథాలజీ పుస్తకంలో బర్కిట్ లింఫోమా అని ఒక క్యాన్సర్ ఉంటుంది. అది చిన్నపిల్లల దవడలకు వస్తుంది. నేనూ పరీక్ష కోసం దాన్ని బట్టీ పట్టాను. ఆ పేరు గల మనిషి ఎవరో, ఎక్కడివాడో అప్పట్లో ఆలోచించలేదు. సర్జన్‌నయ్యి ఈ విభాగంలోకి వచ్చాక తెలిసింది: ఒక క్యాన్సర్‌కు తన పేరు పెట్టించుకున్న ఆ వైద్యుడే జీవితం రెండో సగంలో మనుషుల మలం మీద, పెద్దపేగు మీద మనసు పెట్టాడని. అంత పేరు వచ్చినవాళ్లు సాధారణంగా అక్కడితో ఆగి సన్మానాలు చేయించుకుంటూ ఉంటారు. ఆయన యాభై అయిదేళ్ల వయసులో మళ్లీ ఒకటో తరగతిలో కూర్చున్నారు.

ఆయన 1911 ఫిబ్రవరి 28న ఉత్తర ఐర్లండ్‌లోని ఎనిస్కిలెన్ పట్టణం దగ్గర పుట్టారు. తండ్రి జేమ్స్ బర్కిట్ ఆ జిల్లాకు ఇంజనీరు, రోడ్లూ వంతెనలూ చూసే ఉద్యోగం. ఆయనకు పక్షుల పిచ్చి. ఇంటి తోటలో తిరిగే రాబిన్ అనే చిన్న పిట్టలను పట్టి, కాళ్లకు రేకు ముక్కలు కట్టి వదిలేవారు. ఆయనకు రంగులు సరిగా తెలిసేవి కావు. అందుకని రంగును బట్టి కాకుండా రేకు ఆకారాన్ని బట్టి ఏ పిట్ట ఏదో గుర్తుపట్టేవారు. ఏ పిట్ట ఏ చెట్టు నుంచి ఏ చెట్టు దాకా తనదిగా కాపలా కాసుకుంటుందో పటం గీసేవారు. పక్షిశాస్త్రజ్ఞులు ఆ పనిని ఇప్పటికీ గౌరవంగా తలచుకుంటారు. పటం మీద చుక్కలు పెట్టి, ఆ చుక్కలు ఏం చెబుతున్నాయా అని చూడటం డెనిస్ ఇంట్లోనే ఉన్న విద్య.

పదకొండేళ్ల వయసులో పోర్టోరా రాయల్ స్కూల్లో చదువుతుండగా ఆయన ఒక కన్ను పోగొట్టుకున్నారు. పిల్లలు రెండు జట్లుగా చీలి రాళ్లు రువ్వుకుంటుంటే ఒక రాయి వచ్చి కళ్లజోడుకు తగిలింది. అద్దం పగిలి ముక్కలు కంట్లో దిగాయి. కన్ను తీసేయాల్సి వచ్చింది. మన బడి వెనక చింతచెట్ల కింద మనం ఆడిన ఆటలు తలచుకుంటే, మనలో ఎంతమంది రెండు కళ్లతో బయటపడ్డామో అది కేవలం అదృష్టమే అనిపిస్తుంది.

చదువులో ఆయనేమీ బడికి మొదటి ర్యాంకు తెచ్చినవారు కాదు. తండ్రి బాటలో డబ్లిన్ ట్రినిటీ కళాశాలలో ఇంజనీరింగ్‌లో చేరి, మనసు మార్చుకుని వైద్యంలోకి మళ్లారు. 1935లో డిగ్రీ, 1938లో ఎడిన్‌బరోలో సర్జరీ ఫెలోషిప్. విదేశాల్లో పనిచేయాలని మొదట పెట్టుకున్న దరఖాస్తును ఒక కన్ను లేదన్న కారణంతో తోసిపుచ్చారు. వాళ్ల అనుమానాన్ని ఒక సర్జన్‌గా నేను అర్థం చేసుకోగలను. సూది ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే రెండు కళ్లు కావాలి. కానీ చేతివేళ్లకు ఆ లోతు నేర్పిన సర్జన్లు ఉంటారు, ఆయన అలాంటివారు. యుద్ధకాలంలో సైన్యం వైద్యదళంలో చేరి తూర్పు ఆఫ్రికాలో, సింహళంలో పనిచేశారు. 1943లో ఆలివ్ అనే నర్సును పెళ్లి చేసుకున్నారు. వారికి ముగ్గురు ఆడపిల్లలు. యుద్ధం అయ్యాక 1946లో ఉగాండా ప్రభుత్వ వైద్యసేవలో చేరారు. అక్కడ ఉన్న ఇరవై ఏళ్లే ఆయన్ను ఆయనగా చేశాయి.

మొదట వేసింది లీరా అనే మారుమూల ఊరికి. అక్కడ ఆసుపత్రికి వచ్చే మగవాళ్లలో వరిబీజం ఎక్కువగా కనిపించింది. మన కోస్తా జిల్లాల వాళ్లకు బోదకాలు, వరిబీజం కొత్త మాటలు కావు. దోమ ద్వారా వచ్చే ఫైలేరియా చేసే పనులవి. వేరే సర్జన్ అయితే ఆపరేషన్ చేసి పంపేసేవాడు. బర్కిట్ ఆపరేషన్ చేస్తూనే ప్రతి రోగినీ ఏ ఊరని అడిగారు. జిల్లాకు తూర్పున ఈ జబ్బు విస్తారంగా ఉంది, పడమర దాదాపు లేదు. పటం గీశారు. 1951లో ఆ సంగతి లాన్సెట్ పత్రికలో అచ్చయింది. పెద్ద ఆవిష్కరణ ఏమీ కాదు. కానీ ఆయన జీవితమంతా అడగబోయే ప్రశ్న అక్కడ మొదలైంది: ఈ జబ్బు ఎక్కడ ఉంది? ఎక్కడ లేదు? ఎందుకక్కడ?

1957లో కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పిల్లల వార్డు చూసే హ్యూ ట్రోవెల్ అనే ఫిజీషియన్ ఒక అయిదేళ్ల బాబును చూడమని బర్కిట్‌ను పిలిచారు. బాబుకు రెండు దవడలూ, పైనా కిందా, వాచిపోయి ఉన్నాయి. అది చీము కాదు, ఎముక జబ్బూ కాదు. ఏమిటో ఎవరికీ తెలియలేదు. కొన్ని వారాలకు జింజా అనే ఊరి ఆసుపత్రిలో రౌండ్లు చేస్తూ కిటికీలోంచి బయటికి చూస్తే, పచ్చిక మీద తల్లితో కూర్చున్న మరో బిడ్డ ముఖం అచ్చం అలాగే ఉంది. ఒకటి కనిపిస్తే వింత, రెండు కనిపిస్తే వింత కాదు. ఆయన కారు దగ్గరికి వెళ్లి కెమెరా తెచ్చుకున్నారు. పాత రిజిస్టర్లు తిరగేశారు. దవడలో గడ్డ ఉన్న పిల్లలకు కడుపులో కూడా గడ్డలుంటున్నాయని, అవన్నీ ఒకే క్యాన్సర్ అని 1958లో ప్రకటించారు.

తర్వాత పటం. గడ్డ ఫోటోలున్న కరపత్రాలు ఆఫ్రికా అంతటా ఆసుపత్రులకు పోస్టులో పంపి, ఇలాంటి బిడ్డలు మీ దగ్గర ఉన్నారా అని అడిగారు. జవాబులు చుక్కలై భూమధ్యరేఖకు అటూ ఇటూ ఒక పట్టీలా పరుచుకున్నాయి. ఆ పట్టీకి దక్షిణపు అంచు ఎక్కడుందో చూడటానికి 1961లో ఇద్దరు డాక్టర్ మిత్రులతో కలిసి సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఫోర్డ్ కారులో బయల్దేరారు. పది వారాలు, సుమారు 10,000 మైళ్లు. దారిలో కనిపించిన ప్రతి ఆసుపత్రిలోనూ ఆగి అదే ప్రశ్న. ఎత్తైన చల్లని చోట్ల ఈ జబ్బు లేదు, వేడీ వానా కలిసిన చోట్ల ఉంది. మలేరియా పటమూ అదే. ఆ ఏడాదే లండన్‌లో ఆయన ఉపన్యాసం విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ ఆ గడ్డల ముక్కలు తెప్పించుకుని వెతికి, 1964లో సహచరులతో కలిసి ఒక కొత్త వైరస్‌ను కనుగొన్నారు. మనిషి క్యాన్సర్‌తో సంబంధం ఉందని తేలిన మొదటి వైరస్ అదే. కంపాలాలో రేడియేషన్ సదుపాయం లేదు గనక బర్కిట్ మందులతోనే ప్రయత్నించారు. కొందరు పిల్లల్లో కొద్ది డోసులకే గడ్డలు కరిగిపోయాయి. మందులతో క్యాన్సర్ నయమవుతుందన్న నమ్మకానికి అది తొలిరోజుల ఊతం.

ఇంతవరకు జరిగింది చాలు, ఆయన పేరు పుస్తకాల్లో నిలిచిపోవడానికి. నాకు మాత్రం అసలు కథ ఇక్కడి నుంచే.

1966లో ఆయన కుటుంబంతో లండన్ తిరిగి వచ్చారు. మరుసటి సంవత్సరం, పొగాకుకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని నిరూపించిన రిచర్డ్ డాల్ ఆయన్ను పీటర్ క్లీవ్ అనే విశ్రాంత నౌకాదళ వైద్యుడికి పరిచయం చేశారు. క్లీవ్‌ను చాలామంది చాదస్తుడనే అనుకునేవారు. యుద్ధకాలంలో ఓడలో నావికులకు మలబద్ధకం పట్టుకుంటే ఆయన బస్తాలకొద్దీ గోధుమ తవుడు ఎక్కించి తినిపించారు. మైదా, పంచదార లాంటి పొట్టు తీసిన తిండే నాగరిక దేశాల జబ్బులెన్నింటికో మూలమని ఆయన వాదన.

ఇంకొకరైతే విని మర్యాదగా లేచి వచ్చేవారు. బర్కిట్‌కు తన ఇరవై ఏళ్ల ఆపరేషన్ రిజిస్టరు కళ్లముందు కదిలింది. ఉగాండాలో అపెండిక్స్ ఆపరేషన్లు ఎన్ని చేశాను? చాలా కొద్ది. లండన్‌లో అది ప్రతి ఆసుపత్రిలో రోజువారీ పని. మన పల్లెల్లో ఇరవైనాలుగు గంటల నొప్పి అంటారే, అదే జబ్బు. మొలలు? పెద్దపేగు గోడ సంచుల్లా ఉబ్బే డైవర్టిక్యులర్ జబ్బు? పెద్దపేగు క్యాన్సర్? కాళ్లలో నరాలుబ్బడం? అక్కడ ఇవన్నీ అరుదు, ఇక్కడ ఇవన్నీ మామూలు. ఇన్నేళ్లూ తన చేతికింద ఏ జబ్బులున్నాయో చూశారు. ఏ జబ్బులు లేవో చూడటం అప్పుడు మొదలుపెట్టారు. ఉన్నదాన్ని చూడటానికి ఒక కన్ను చాలు, లేనిదాన్ని చూడటానికి వేరే చూపు కావాలి.

మళ్లీ పోస్టు మొదలైంది. ఆఫ్రికాలోనూ ఇతర దేశాల్లోనూ ఉన్న వందకు పైగా గ్రామీణ ఆసుపత్రులకు ప్రశ్నపత్రాలు పంపి, ఈ నెలలో అపెండిక్స్ కేసులెన్ని, పేగు క్యాన్సర్లెన్ని అని అడిగేవారు. జవాబులు ఒకే మాట చెప్పాయి. పాతకాలపు తిండి తినే చోట ఈ జబ్బులు లేవు, పట్నం తిండి వచ్చిన చోట ఒక్కొక్కటే వస్తున్నాయి.

అయితే తిండికీ పేగు జబ్బుకూ మధ్య ఏం జరుగుతోంది? అది తెలియాలంటే ఎవరూ చేయడానికి ఇష్టపడని పని చేయాలి. మలాన్ని తూచాలి. దక్షిణాఫ్రికా శాస్త్రజ్ఞుడు అలెక్ వాకర్, లండన్ సర్జన్ నీల్ పెయింటర్‌లతో కలిసి ఆయన ఆ పని చేశారు. ఎక్స్‌రేలో కనిపించే చిన్న గుళికలు మింగించి, తర్వాత వచ్చిన మలాన్నంతా ప్లాస్టిక్ సంచుల్లో పట్టి, తూచి, ఎక్స్‌రే తీసి, గుళికలు ఎన్ని గంటలకు బయటపడ్డాయో లెక్కపెట్టారు. 1972లో లాన్సెట్‌లో వచ్చిన ఆ లెక్కలు ఇప్పటికీ నా విద్యార్థులకు చెబుతుంటాను. బ్రిటిష్ నౌకాదళం వాళ్లలో రోజుకు సుమారు 100 గ్రాములు, బయటపడటానికి పట్టిన సమయం 80 గంటలకు పైగా. ఉగాండా పల్లెవాసుల్లో సుమారు 470 గ్రాములు, దాదాపు 36 గంటలు. ఆ పట్టికలో మన దేశపు నర్సులు కూడా ఉన్నారు. సుమారు 150 గ్రాములు, 44 గంటలు. మనం మధ్యలో ఉన్నాం. యాభై ఏళ్ల కిందటి మాట అది. ఈరోజు తూస్తే ఎటు ఉంటామో మీరే ఊహించండి.

దీని వెనక ఉన్న శాస్త్రం మన ఎనిమిదో తరగతి సైన్సు పాఠమంత తేలిక. గింజ పైపొట్టు, ఆకుకూర ఈనె, పప్పు తొక్క – ఇవి మనకు అరగవు. అరగవు గనకే పనికివస్తాయి. అవి నీళ్లు పట్టుకుని పేగులో బరువుగా, మెత్తగా ఉంటాయి. పెద్దపేగులోని సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి పేగు గోడకు మేలుచేసే ఆమ్లాలు తయారుచేస్తాయి. పీచు లేనప్పుడు మలం కొద్దిగా, గట్టిగా, మేకపెంటికల్లా ఉంటుంది. దాన్ని నెట్టడానికి పేగు బలంగా నొక్కుకోవాలి, మనిషి ముక్కాలి. మలద్వారం లోపల అందరికీ పుట్టుకతోనే రక్తనాళాలతో నిండిన మెత్తలుంటాయి. ముక్కీ ముక్కీ అవి ఉబ్బి, జారి, రక్తం చిందిస్తే మొలలు. గట్టి మలం చర్మాన్ని చీలిస్తే ఫిషర్. కూర్చోవాలంటేనే భయపెట్టే నొప్పి దానిదే. నొప్పికి భయపడి ఆపుకుంటే మలం మరింత గట్టిపడుతుంది, చీలిక మరింత పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చే ఫిషర్ రోగుల్లో చాలామందికి కత్తి అవసరం ఉండదు. పీచు, నీళ్లు, గోరువెచ్చని నీళ్ల తొట్టి, ఒక పూత మందు చాలు.

ఇక్కడ మన నేల సంగతి రెండు మాటలు. మన అమ్మమ్మల కాలంలో జొన్నరొట్టె, సజ్జసంకటి, కొర్రన్నం, రాగిముద్ద, దంపుడు బియ్యం ఉండేవి. వరన్నం పండక్కి. తర్వాత మిల్లులొచ్చాయి, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, అది చిన్న సంగతి కాదు, దాన్ని తక్కువ చేసి మాట్లాడే అర్హత కడుపు నిండినవాడికి లేదు. కానీ తెల్లన్నం తినడం హోదా అయ్యింది, జొన్నరొట్టె పేదరికానికి గుర్తు అయ్యింది. ఇప్పుడు అదే జొన్నరొట్టె షుగరు వచ్చాక డాక్టరు చీటీ మీద తిరిగొస్తోంది. బర్కిట్ ఉగాండాలో చూసిన మార్పును మన తరం మన వంటింట్లోనే చూసింది.

బర్కిట్ దీన్ని పత్రికల్లో రాసి ఊరుకోలేదు. లోకమంతా తిరిగి చెప్పారు. ఆఫ్రికాలో నడిచే దారుల పక్కన కనిపించిన మలం ఫోటోలు తీసి, సూటూ టై వేసుకున్న పెద్దమనుషుల సభల్లో తెరమీద చూపించేవారు. సభ నవ్వేది. నవ్వనిచ్చేవారు. నవ్వినవాడు ఇంటికి వెళ్లి మరుసటి ఉదయం తప్పకుండా తొంగిచూసుకుంటాడని ఆయనకు తెలుసు. ఆయన చూపించే బొమ్మల్లో ఇంకొకటి చాలా ప్రసిద్ధి. కుళాయి తిప్పి వదిలేస్తే తొట్టి నిండి నేలంతా నీళ్లు. ఇద్దరు మనుషులు చెమటలు కక్కుతూ నేల తుడుస్తుంటారు. కుళాయి కట్టేయాలని ఇద్దరికీ తోచదు. మనం డాక్టర్లం ఆ తుడిచేవాళ్లమని ఆయన భావం. తుడవడం మీదే బతికే నాలాంటి సర్జన్‌కు ఆ బొమ్మ చూసినప్పుడల్లా కాస్త గుచ్చుకుంటుంది. 1979లో సామాన్యుల కోసం పీచు పదార్థం గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. అది చాలా భాషల్లోకి వెళ్లింది.

ఆయన చెప్పినవన్నీ నిలిచాయా? లేదు, అది కూడా చెప్పాలి. పీచు ఒక్కటే అన్ని జబ్బులకూ తాళంచెవి అన్నంత ధీమా కొన్నిచోట్ల ఆయన మాటల్లో ఉండేది. డైవర్టిక్యులర్ జబ్బు గురించి, అపెండిక్స్ గురించి ఆయన వాదన మీద తర్వాతి పరిశోధనలు అనుమానాలు లేవనెత్తాయి. పేగులో పాలిప్‌లు తీయించుకున్నవారికి మూడు నాలుగేళ్లు పీచు ఎక్కువగా పెడితే కొత్తవి తగ్గలేదని 2000లో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. మూడేళ్లకే యూరప్‌లోని పది దేశాల్లో అయిదు లక్షల మందికి పైగా ప్రజలను గమనించిన అధ్యయనం, తిండిలో పీచు బాగా ఉన్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ సుమారు నాలుగో వంతు తక్కువని చూపింది. ఇప్పుడు వైద్యులందరూ పొట్టు తీయని ధాన్యం తినమనే చెబుతున్నారు. అలాగే భగందరానికి పీచు మందు కాదు. మలద్వారం లోపలి చిన్న గ్రంథి చీముపట్టి బయటికి దారి చేసుకుంటే వచ్చే జబ్బు అది. దానికి శస్త్రచికిత్సో, సుశ్రుతుడి కాలం నుంచి మన దేశంలో ఉన్న క్షారసూత్ర పద్ధతో కావాలి. ఒక మనిషి మహనీయుడు కావడానికి ఆయన ప్రతి మాటా నిజం కానక్కర్లేదు. సరైన ప్రశ్నను సిగ్గుపడకుండా అడిగితే చాలు.

సిగ్గు అన్నాను కదా, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. మా దగ్గర రోగం ముదరడానికి రోగం కన్నా సిగ్గే ఎక్కువ పనిచేస్తుంది. నా దగ్గరికి ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. విరేచనంలో రక్తం పడుతున్న సంగతి ఏడాదిన్నర పాటు భార్యకు కూడా చెప్పలేదు. బస్టాండు గోడమీద బోర్డు చూసి ఎవరి దగ్గరో మొలలకని ఇంజక్షన్లు చేయించుకున్నారు. ఎవరూ ఒక్కసారి వేలుపెట్టి చూడలేదు. ఆ పరీక్షకు ఒక్క నిమిషం పడుతుంది. చూస్తే మలాశయంలో క్యాన్సర్ వేలికి తగులుతోంది. ప్రాణం దక్కింది గానీ మలద్వారం మూసేసి పొట్టమీద దారి పెట్టక తప్పలేదు. వందలమంది పిల్లలకు దిద్దుబాటు నేర్పిన ఆ పెద్దాయన, సంచీతో జనంలోకి రావడానికి మరో సంవత్సరం మొహమాటపడ్డారు.

ఇది చదువుతున్న పూర్వవిద్యార్థుల్లో చాలామందికి యాభై దాటాయి. రక్తం పడితే అది మొలలే అని మీరే తీర్మానించుకోకండి. చాలాసార్లు మొలలే అవుతుంది; కానీ ఆ మాట చెప్పాల్సింది చూసినవాడు. రోజూ ఒకలా ఉండే అలవాటు వారాల తరబడి మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత ఉందని తేలినా ఆగకండి. ఇంట్లో తల్లిదండ్రులకో తోబుట్టువులకో పేగు క్యాన్సర్ వచ్చి ఉంటే ఏ బాధా లేకపోయినా కొలొనోస్కోపీ గురించి డాక్టర్‌ను అడగండి. పాలిప్ దశలో దొరికితే ఆ పరీక్షలోనే తీసేయవచ్చు. గురువులను కూడా వినయంగా అదే కోరుతున్నాను.

బర్కిట్ 1972లో రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. ఎన్నో పురస్కారాలు వచ్చాయి. అయినా తనను గొప్ప శాస్త్రజ్ఞుడిగా ఆయన ఎప్పుడూ భావించుకోలేదు. దైవభక్తి గల నిరాడంబరుడు. పెద్ద ప్రయోగశాల లేదు, పెద్ద నిధులు లేవు. తపాలా బిళ్లలు, పటాలు, పాత కారు, కెమెరా, ఎవరినైనా ఏదైనా అడగగల చొరవ – ఇవీ ఆయన పరికరాలు. 1993 మార్చి 23న, 82 ఏళ్ల వయసులో, ఇంగ్లండ్‌లో గ్లోస్టర్‌లో కన్నుమూశారు.

ఆయన ప్రశ్న మన బడి దాకా కూడా వచ్చింది. కిందటేడు మన సంఘం తరఫున బడిలో వైద్యశిబిరం పెట్టాం. కడుపునొప్పి అని వచ్చిన పిల్లల్లో ఆడపిల్లలే ఎక్కువ, అందులోనూ ఆరు నుంచి పది తరగతుల వాళ్లు. చూస్తే చాలామందికి మలబద్ధకం, కొందరికి ఫిషర్. మందులు రాసివ్వడం అయిదు నిమిషాల పని. బర్కిట్ అయితే ఏమడిగేవారు? ఎక్కడ? ఎందుకక్కడ? అడిగాను. ఒక ఏడో తరగతి అమ్మాయి, తల ఎత్తకుండానే, బడికొచ్చాక నీళ్లు తాగనండీ అంది. ఎందుకమ్మా అంటే జవాబు లేదు. వెనక్కి వెళ్లి చూశాను. మరుగుదొడ్లు కట్టి ఉన్నాయి. ట్యాంకుకు నీళ్లు లేవు. తలుపుకు తాళం ఉంది. ఉదయం ఇంట్లో ఆపుకున్నది, బడిలో ఆపుకున్నది, సాయంత్రానికి గట్టిపడుతుంది. మన రోజుల్లో మరుగుదొడ్లే లేవు. మనతో చదివిన ఆడపిల్లలు నాలుగింటి దాకా గొంతు తడుపుకోకుండా ఎందుకు కూర్చునేవారో మనలో ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు ప్రభుత్వ బడుల్లో పిల్లలకు రాగిజావ ఇస్తున్నారు, సంతోషం. కానీ పీచు తిన్నా నీళ్లు తాగకపోతే, వెళ్లడానికి చోటు లేకపోతే, ఆ పీచు కూడా లోపలే గట్టిపడుతుంది.

స్వర్ణోత్సవ నిధితో స్వాగతతోరణం కట్టాలని, వేదిక కట్టాలని సూచనలు వచ్చాయి. అవీ కట్టుకుందాం. ముందు ఆ తాళం తీయించి, ట్యాంకుకు మోటారు పెట్టించి, రోజూ రెండుసార్లు కడిగే ఆయమ్మకు నెలనెలా జీతం అందేలా కొంత సొమ్ము బ్యాంకులో వేద్దాం. కట్టడానికి డబ్బు ఒక్కసారి చాలు, కడగడానికి ప్రతి నెలా కావాలి. మరుగుదొడ్లు మూతపడేది అక్కడే. నా చందా ఆ పద్దు కిందే రాసుకోమని కోశాధికారిగారికి చెప్పాను. ఆ పద్దులో ఇంకా చాలా ఖాళీ ఉంది.